వాల్వు రేడియో కాయిళ్లు, వైరింగు ముట్టుకునే ముందు

ప్లగ్గు పీకినంత మాత్రాన చాలదు. ఫిల్టర్ కెపాసిటర్లలో (కరెంటును నిలవ చేసే భాగాలు) 250 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు గనుక, ఆ చార్జీని రెసిస్టర్ ద్వారా దించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

ఏసీ-డీసీ సెట్టును (మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా రెండు రకాల కరెంటుపైనా నడిచే రేడియో) ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సెట్టును మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్, లేకుండా ఆన్ చేయరాదు. సెట్టు ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) మెయిన్స్‌కే కలిసి ఉండవచ్చు.

కాయిల్ తెగిందని మీటరు చూపగానే కొత్తది చుట్టనక్కరలేదు. తీగ చాలాసార్లు ట్యాగు (తీగ కొసను అతికే లోహపు పలక) దగ్గరే, పచ్చని చిలుము చుక్క కింద తెగి ఉంటుంది, ఒక చుట్టు విప్పి అతికితే సరిపోతుంది. లిట్జ్ తీగయితే (విడివిడిగా ఎనామిల్ పూసిన సన్న పోగుల తీగ) వెంట్రుకల వంటి పోగులన్నిటికీ ఎనామిల్ పోయి టంకం పట్టాలి, లేకుంటే స్టేషన్లు మందగిస్తాయి.

ఐఎఫ్ కోర్లను, అంటే రేడియో లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ కాయిళ్లను సర్దే మరల వంటి ముక్కలను, తిప్పవద్దు. సిగ్నల్ జనరేటర్ (కోరిన ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ఇచ్చే పరికరం) లేనిదే అవి మళ్లీ తమ ఫ్రీక్వెన్సీకి, చాలా సెట్లలో 455 కిలోహెర్ట్జ్‌కు, కుదరడం కష్టం. ఒకసారి తిప్పి నేనూ చింతించాను.

ఎండిన రబ్బరు వైర్లను ఫొటో తీసుకున్నాక ఒక్కొక్కటిగానే మార్చాలి. వంచితే తొక్క రాలి షార్టవుతుంది.