భోపాల్ మానవ సంగ్రహాలయాన్ని ఎలా చూడాలి?

భోపాల్‌లోని పెద్ద చెరువుకు ఎదురుగా ఉన్న శ్యామలా కొండల మీద, 200 ఎకరాల్లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం అనే మ్యూజియం విస్తరించి ఉంది. 1977లో ఢిల్లీలో మొదలై 1979లో ఇక్కడికి తరలివచ్చిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో ముఖ్యంగా చూడవలసినవి ఇళ్లు. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆదివాసీ, గ్రామీణ సమాజాల వారు తమకు అలవాటైన మట్టి, వెదురు, గడ్డి, కలపలతో ఆ ఇళ్లను స్వయంగా కట్టారు. కప్పు పాడైనప్పుడు, గోడలు బీటలు వారినప్పుడు ఆయా సమాజాల వారినే మళ్లీ పిలిపించి బాగుచేయిస్తారు. కట్టే విద్య ఇప్పటికీ ఆ చేతుల్లోనే ఉంది కనుకనే దీన్ని సజీవ సంగ్రహాలయం అంటారు.

మొదటి అడుగు: రోజును, వేళను ఎంచుకోండి

సోమవారాల్లో, జాతీయ సెలవు దినాల్లో సంగ్రహాలయం మూసి ఉంటుంది. తెరిచే వేళలు వేసవికి, చలికాలానికి వేరువేరుగా ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు రోజు సరిచూసుకోండి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ భోపాల్ మీదుగానే ఢిల్లీ వెళ్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ కొండ మీద ఎండకు నడవడం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వర్షాలు వెనకపట్టిన రోజుల్లో కొండంతా పచ్చగా ఉంటుంది గనుక అప్పుడు వెళ్లినా మంచిదే. గట్టి చెప్పులు, టోపీ, మంచినీళ్లు తప్పనిసరి. కనీసం ఒక పూర్తి రోజు కేటాయించండి. రెండు గంటల్లో చుట్టి వచ్చినవారికి వరుసగా గుడిసెలు కనిపించడం తప్ప మరేమీ మిగలదు.

రెండవ అడుగు: పొరుగువారి ఇంటి నుంచి మొదలుపెట్టండి

ఇక్కడ ఆదివాసీ ఆవాసాలతో పాటు హిమాలయ గ్రామం, ఎడారి గ్రామం, తీరప్రాంత గ్రామం అనే విభాగాలు కూడా ఉన్నాయి. అన్నింటినీ ఒకే శ్రద్ధతో చూడడం ఒక రోజులో అయ్యే పని కాదు. తెలుగువారు ఆదివాసీ ఆవాసాల విభాగంతో, అందులోనూ జాతాపుల ఇల్లు, సవరల ఇల్లు, గదబల ఇల్లు చూడడంతో ఆరంభించడం మేలని నా నమ్మకం. జాతాపులు మన పార్వతీపురం మన్యం వాసులు, తెలుగు మాట్లాడేవారు. సవరలు, గదబలు ఒడిశాలోనూ మన ఉత్తరాంధ్ర కొండల్లోనూ ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆయన ఎవరి మాటను అంత శ్రద్ధగా విన్నారో వారి ఇంటి గడప ముందు నిలబడడం తెలుగు పాఠకునికి చిన్న విషయం కాదు. పరిచయమున్న చోట కన్ను కుదురుకుంటే, ఆ తర్వాత నాగాల మొరుంగ్ వంటి, మనకు బొత్తిగా కొత్తదైన కట్టడం ముందు కూడా ఏమి అడగాలో తెలుస్తుంది. మొరుంగ్ అంటే ఊరి యువకులు రాత్రులు కలిసి పడుకుంటూ, పెద్దల నుంచి కట్టుబాట్లూ పాటలూ పనులూ నేర్చుకునే ఇల్లు.

మూడవ అడుగు: ఒక్కో ఇంటిని వరుసగా చదవండి

ముందు కాస్త దూరంగా నిలబడి కప్పును చూడండి. చూరు ఎంత కిందికి దిగిందో, వాలు ఎంత నిటారుగా ఉందో గమనిస్తే ఆ ప్రాంతపు వాన ఎలాంటిదో ఊహించవచ్చు. గదబల ఇంటి గుండ్రని గోడనూ, శంకువులా పైకి లేచిన గడ్డి కప్పునూ చూశాక, మన తీరప్రాంతంలో ఒకప్పటి చుట్టిళ్లను గుర్తు తెచ్చుకోండి. తర్వాత గోడ దగ్గరకు వెళ్లండి. అది తడిక మీద మట్టి మెత్తిందా, మట్టిముద్దలు పేర్చి లేపిందా, వెదురు దడా? అటుపైన, లోపలికి అనుమతి ఉన్న ఇళ్లలో చెప్పులు బయట విడిచి, తల వంచి వెళ్లండి. పొయ్యి ఎక్కడుంది, పొగ ఎటు పోతుంది, ధాన్యం ఎక్కడ దాస్తారు, పశువులు ఎక్కడ ఉంటాయి, దేవుడి చోటు ఏది? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు వెతికితే ఆ ఇంటి బతుకు చాలావరకు అర్థమవుతుంది. పిల్లలు వెంట ఉంటే గాదెను వెతికే పని వారికి అప్పగించండి. పెద్దల కంటే ముందు వారే కనిపెడతారు.

గోడల మీది బొమ్మల దగ్గర మరింత నిదానించాలి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపు పిండితో సవరలు తెల్లగా వేసే బొమ్మలు పూర్వీకులకూ దేవతలకూ సమర్పించేవి. ఇల్లు అందంగా కనిపించాలని వేసే ముగ్గులుగా వాటిని చూస్తే పొరబడినట్టే. మహారాష్ట్ర ఆదివాసులైన వార్లీల ఇంటి బొమ్మలు కూడా బియ్యపు పిండితోనే వేసినా, వాటి గీతలు వేరు. రెంటినీ పోల్చి చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతపు రజ్వార్ల ఇంట్లో మట్టితో చేసిన జాలీలు (చిల్లుల అల్లిక తెరలు), వాటిలో పొదిగిన పక్షులు, మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. సోనాబాయి రజ్వార్ అనే మహిళ తన ఇంట్లో ఒంటరిగా చేసుకున్న ఇలాంటి పనే ఆ ప్రాంతానికి దేశమంతటా పేరు తెచ్చింది. అగరియాల ఇంటి దగ్గర ఆగినప్పుడు, వారు తరతరాలుగా మట్టి కొలిమిలో బొగ్గుతో ఇనుపరాతిని కరిగించి, కాళ్లతో తిత్తులు తొక్కి ఇనుము తీసినవారని పిల్లలకు చెప్పండి.

నాల్గవ అడుగు: మనుషులతో మర్యాదగా మెలగండి

మరమ్మతు పనికో, చేతిపనులు నేర్పడానికో వచ్చిన కళాకారులు కొన్ని రోజుల్లో అక్కడే కనిపిస్తారు. వారి ఫొటో తీయాలంటే ముందు అడగండి, వద్దంటే మానండి. పని సాగుతుండగా పక్కన కూర్చుని చూడవచ్చునేమో అడిగితే చాలామంది సంతోషిస్తారు. హిందీ వస్తే సరే, రాకపోయినా నమస్కారంతో మాట మొదలవుతుంది. వారి వస్తువులు కొనేటప్పుడు బేరమాడకండి. ‘ఇంకా ఇలాగే ఉంటున్నారా’ వంటి మాటలు వారి ఎదుట గానీ పిల్లల ఎదుట గానీ అనకండి. తరాల అనుభవంతో కట్టిన ఇంటిని వెనుకబాటుకు గుర్తుగా లెక్కించడం అన్యాయం.

ఐదవ అడుగు: మధ్యాహ్నం నీడలోకి వెళ్లండి

ఎండ ముదిరాక వీథీ సంకుల్ అనే లోపలి ప్రదర్శనశాలకు చేరండి. కొండ వాలును అనుసరించి అంతస్తులుగా కట్టిన ఆ భవనంలో పనిముట్లు, నగలు, వాద్యాలు, ముసుగులు ఉన్నాయి. ఉదయం ఖాళీ ఇంట్లో ఊహించుకున్న వస్తువులు ఇక్కడ కళ్లెదుట కనిపిస్తాయి గనుక ఈ వరుసనే పాటించండి. సాయంత్రం ఓపిక మిగిలితే, ఈ ఆవరణలోనే ఉన్న పురాతన చిత్రాల రాతి గుహల వైపు నడవండి. ప్రవేశద్వారం చాలా దూరంలో ఉంటుంది, తిరుగు దారిలో ఎక్కుడు కూడా ఉంటుంది. మూసే వేళకు ముప్పావు గంట ముందే వెనుదిరగండి.