డీబగ్గర్‌లో ఓఎస్ థ్రెడ్లని పట్టుకోవడం ఎలా: ఎల్‌ఎల్‌డీబీ, జీడీబీ రెండిట్లోనూ

ప్రోగ్రామ్ హ్యాంగ్ అయింది, లేదా ఒక సీపీయూ కోర్‌ని పూర్తిగా తినేస్తోంది, సరే అని డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూపించే టూల్, ఎల్‌ఎల్‌డీబీ, జీడీబీ అలాంటివే) అటాచ్ చేస్తే ముప్పై నలభై థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో విడివిడిగా నడిచే పనులు) వరసగా కనిపిస్తాయి, వాటిలో మనకి కావాల్సింది ఏదో అర్థం కాదు. ఇక్కడ చాలామంది గుడ్డిగా బ్రేక్‌పాయింట్లు (కోడ్‌లో ఆగమని చెప్పే గుర్తులు) పెట్టుకుంటూ పోతారు. అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది, ఒక్కో థ్రెడ్‌కి రెండు నంబర్లుంటాయని. ఒకటి డీబగ్గర్ తన సౌకర్యం కోసం ఇచ్చుకున్న ఇండెక్స్, 1 2 3 అని. రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన టీఐడీ, అంటే థ్రెడ్ ఐడీ. డీబగ్గర్ కమాండ్లన్నీ ఎక్కువగా మొదటిదాన్ని అడుగుతాయి, బయట లాగ్‌లూ టూల్సూ రెండోదాన్ని చూపిస్తాయి. ఈ రెండిటినీ కలపడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు అటాచ్ అవ్వాలి. ఎల్‌ఎల్‌డీబీలో అయినా జీడీబీలో అయినా హైఫన్ పి పెట్టి పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఇస్తే చాలు. లైనక్స్‌లో పర్మిషన్ లేదని అంటే చాలావరకు యామా అనే సెక్యూరిటీ మాడ్యూల్ అడ్డం పడుతోందని అర్థం, పీట్రేస్ స్కోప్ అనే సెట్టింగ్ 1లో ఉంటే మనం డీబగ్గర్ నుంచి మొదలుపెట్టిన ప్రాసెస్‌కి తప్ప వేరేదానికి మామూలు యూజర్‌గా అటాచ్ అవ్వనివ్వదు, అప్పుడు సుడోతో, అంటే రూట్ అధికారంతో నడపండి. మ్యాక్‌లో అయితే సిస్టమ్‌తో వచ్చిన ప్రోగ్రామ్స్‌కి రూట్‌గా కూడా కుదరదు, మీ సొంత బిల్డ్ అయితే గెట్ టాస్క్ అలౌ అనే ఎంటైటిల్‌మెంట్‌తో (యాప్‌కి ఇచ్చే అనుమతి) సైన్ అయి ఉండాలి. విండోస్‌లో ఇంకో తమాషా ఉంది, అటాచ్ అవ్వగానే సిస్టమ్ మీ ప్రాసెస్‌లోనే ఒక కొత్త థ్రెడ్ పుట్టించి దాంతో బ్రేక్ కొట్టిస్తుంది, కాబట్టి మొదట సెలెక్ట్ అయి కనిపించేది మీ కోడ్ థ్రెడ్ కాదు, దాని స్టాక్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే వరస) చూసి కంగారు పడకండి.

ఒక్క జాగ్రత్త, అటాచ్ అయితే ప్రాసెస్ మొత్తం ఆగుతుంది. జనం వాడుతున్న సర్వర్ మీద చేస్తుంటే ఏం చూడాలో ముందే రాసిపెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు లిస్ట్. ఎల్‌ఎల్‌డీబీలో థ్రెడ్ లిస్ట్ అని కొట్టండి, జీడీబీలో ఇన్ఫో థ్రెడ్స్. ఎల్‌ఎల్‌డీబీ ప్రతి లైన్‌లో ఇండెక్స్, టీఐడీ, ఆగిన చోటు, పేరు ఉంటే పేరు, ఆగిన కారణం చూపిస్తుంది, ప్రస్తుతం సెలెక్ట్ అయినదాని ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. జీడీబీ లైనక్స్‌లో రెండు నంబర్లు చూపిస్తుంది, పొడుగ్గా హెక్స్‌లో (0x అని మొదలయ్యే నంబర్) ఉండేది పీథ్రెడ్ అనే థ్రెడ్ లైబ్రరీది, ఎల్‌డబ్ల్యూపీ పక్కన ఉండేదే అసలు టీఐడీ, కెర్నల్‌కి తెలిసింది అదే. మెయిన్ థ్రెడ్‌కి లైనక్స్‌లో టీఐడీ, పీఐడీ ఒకటే. మ్యాక్‌లో ఎల్‌ఎల్‌డీబీ టీఐడీని హెక్స్‌లో చూపిస్తుంది, మీ లాగ్‌లో డెసిమల్‌లో ఉంటే మార్చి పోల్చుకోవాలి, ఇది మర్చిపోయి దొరకలేదు అనుకునేవాళ్ళు చాలామంది.

సీపీయూ తినేసే థ్రెడ్ కావాలంటే లైనక్స్‌లో టాప్‌ని పెద్ద హెచ్ ఆప్షన్‌తో నడపండి, ప్రాసెస్ బదులు థ్రెడ్లు విడివిడిగా కనిపిస్తాయి, ఎక్కువ తింటున్నదాని నంబర్ తీసుకుని డీబగ్గర్ లిస్ట్‌లో వెతికి, దాని ఇండెక్స్‌తో థ్రెడ్ సెలెక్ట్ కొట్టి, బీటీ (ఆ థ్రెడ్ స్టాక్ చూపించే కమాండ్) కొట్టండి. జీడీబీలో సెలెక్ట్ అనే మాట అక్కర్లేదు, థ్రెడ్ అని రాసి ఇండెక్స్ ఇస్తే చాలు, పైగా థ్రెడ్ ఫైండ్ అని టీఐడీ ఇస్తే అదే వెతికిపెడుతుంది. అన్నిటి స్టాక్ ఒకేసారి కావాలంటే ఎల్‌ఎల్‌డీబీలో బీటీ ఆల్, జీడీబీలో థ్రెడ్ అప్లై ఆల్ బీటీ.

టీఐడీ అసలు విలువ తెలిసేది డెడ్‌లాక్ దగ్గర, అంటే థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగి ఎప్పటికీ కదలని చోట. లైనక్స్‌లో మెయిన్ థ్రెడ్ 48210 ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్) కోసం ఆగిపోయింది అనుకుందాం, బీటీలో పైన లాక్ వెయిట్ లేదా ఫ్యూటెక్స్ వెయిట్ లాంటి ఫ్రేమ్‌లు (స్టాక్‌లో ఒక్కో ఫంక్షన్ లైన్) కనిపిస్తాయి, అక్కణ్ణుంచి మన కోడ్ ఉన్న ఫ్రేమ్‌కి వచ్చేదాకా అప్ కొడుతూ పోయి, ఆ మ్యూటెక్స్ వేరియబుల్‌ని ప్రింట్ చెయ్యండి. జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) పీథ్రెడ్ మ్యూటెక్స్ లోపల డేటా అనే స్ట్రక్చర్, అందులో ఓనర్ అనే ఫీల్డ్ ఉంటాయి, రెండు పేర్ల ముందూ రెండేసి అండర్‌స్కోర్‌లు. ఆ ఓనర్‌లో ఉండేది ఆ లాక్ పట్టుకున్న థ్రెడ్ టీఐడీయే! 48213 అని ఉందనుకోండి, లిస్ట్‌లో అది 4వ ఇండెక్స్ అయితే దానికి మారి బీటీ తియ్యండి, అది ఇంకో మ్యూటెక్స్ కోసం ఆగి ఉండి, దాని ఓనర్ 48210 అని వస్తే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగారని తేలిపోయింది, ఇంక గెస్ చెయ్యాల్సిన పని లేదు. ఓనర్ నంబర్ లిస్ట్‌లో అసలు లేదంటే, ఆ థ్రెడ్ లాక్ వదలకుండానే ముగిసిపోయిందని చూసుకోవాలి. విండోస్‌లో క్రిటికల్ సెక్షన్ అనే లాక్‌కి కూడా ఓనింగ్ థ్రెడ్ అనే ఫీల్డ్ ఉంటుంది, అక్కడే ఉండే ఎస్‌ఆర్‌డబ్ల్యూ అనే ఇంకో రకం లాక్‌లో మాత్రం ఓనర్ రాసి ఉండదు, అక్కడ స్టాక్‌లన్నీ చదవడమే దారి.

ఇదంతా ఇంకా తేలిక కావాలంటే థ్రెడ్లకి పేర్లు పెట్టండి, దయచేసి పెట్టండి, మీ తర్వాత డీబగ్ చేసేవాళ్ళు మీకు దండం పెడతారు. లైనక్స్‌లో పీథ్రెడ్ సెట్‌నేమ్ ఎన్‌పీ, 15 అక్షరాలు దాటితే ఎర్రర్ ఇస్తుంది. మ్యాక్‌లో అదే ఫంక్షన్ తనని పిలిచిన థ్రెడ్‌కి మాత్రమే పేరు పెడుతుంది కాబట్టి థ్రెడ్ మొదలైన వెంటనే దాని లోపలే పిలవాలి. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి సెట్ థ్రెడ్ డిస్క్రిప్షన్ ఉంది. పేరుంటే ఎల్‌ఎల్‌డీబీలో బ్రేక్‌పాయింట్‌ని పెద్ద టి ఆప్షన్‌తో ఆ పేరున్న థ్రెడ్‌కే కట్టెయ్యొచ్చు, చిన్న టి అయితే టీఐడీ. కానీ లైనక్స్ కోర్ ఫైల్‌లో (క్రాష్ అయినప్పుడు దాచే మెమరీ కాపీ) ఈ థ్రెడ్ పేర్లు రావు, అక్కడ ప్రతి స్టాక్ అడుగున ఉండే స్టార్ట్ ఫంక్షన్ చూసి గుర్తుపట్టాలి.

ఒక్క థ్రెడ్‌నే నడపాలనుకుంటే జీడీబీలో షెడ్యూలర్ లాకింగ్‌ని ఆన్ చెయ్యండి, ఎల్‌ఎల్‌డీబీలో థ్రెడ్ కంటిన్యూకి ఇండెక్స్ ఇవ్వండి. ఆ థ్రెడ్‌కి కావాల్సిన లాక్ ఆగి ఉన్న ఇంకో థ్రెడ్ చేతిలో ఉంటే ఇది ఎప్పటికీ కదలదు, అది మీరు చేసిన హ్యాంగ్, ప్రోగ్రామ్‌ది కాదు. ఇంకోటి, డీబగ్గర్‌లో ఫంక్షన్ పిలిచి ప్రింట్ చేసినప్పుడు ఎల్‌ఎల్‌డీబీ మొదట ఆ ఒక్క థ్రెడ్‌నే నడిపిస్తుంది, కాసేపట్లో తేలకపోతే మిగతావన్నిటినీ కూడా నడవడానికి వదిలేస్తుంది, అంటే మీరు జాగ్రత్తగా ఆపి చూస్తున్న స్థితి మారిపోవచ్చు. ఎక్స్‌ప్రెషన్ కమాండ్‌కి ఆల్ థ్రెడ్స్ ఆప్షన్ ఫాల్స్ అని ఇస్తే అలా వదలదు.

గో ప్రోగ్రామ్ అయితే ఇక్కడ కనిపించేవి ఓఎస్ థ్రెడ్లే, గోరొటీన్లు (గో భాష తనే నడుపుకునే తేలికపాటి థ్రెడ్లు) వాటి మీద మారుతూ ఉంటాయి కాబట్టి దానికి డెల్వ్ అనే గో డీబగ్గర్ వాడండి, అందులో థ్రెడ్స్, గోరొటీన్స్ అని రెండు వేరు కమాండ్లున్నాయి. పని అయ్యాక డిటాచ్ కొట్టి బయటికి రండి, కిల్ కాదు.