పాత కచేరీ క్యాసెట్ బాగా వినిపించడం లేదా? ముందు తంబూరా వినండి

కోనసీమలో, కాకినాడ వైపు పాత కచేరీ క్యాసెట్లు దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి గాత్రం, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ అంటే మనకు ప్రాణం. అలాంటి క్యాసెట్‌ను ఒక్కసారి విని "రికార్డింగు బాలేదు" అని పక్కన పడేయకండి. లోపం ప్లేయర్‌దా, టేపుదా, అసలు రికార్డింగుదా తేల్చుకోవాలి. నేనైతే ముందు తంబూరా వింటాను. పాట మారుతూ ఉంటుంది, తంబూరా మారదు. అందుకే తేడా అక్కడ ఇట్టే తెలుస్తుంది.

సమస్య: గొంతు సన్నబడింది, శ్రుతి పెరిగింది

ఇది స్పీడు తేడా. కరెంటు లేక బ్యాటరీల మీద రికార్డు చేశారనుకోండి. బ్యాటరీ నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని ఇప్పుడు మామూలు స్పీడులో వేస్తే, చివరికొచ్చేసరికి శ్రుతి పైకి జరిగిపోతుంది. స్పీడు 6 శాతం పెరిగితే చాలు, ఒకటో శ్రుతిలో పాడింది అరమెట్టు పైకెళ్లి ఒకటిన్నరలో వినిపిస్తుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని మొదట్లో, మధ్యలో, చివర్లో సరిచూడండి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో స్పీడు మార్చండి. పిచ్ ఒక్కటే దించే ఆప్షన్ జోలికి వెళ్లొద్దు. దాంతో శ్రుతి కుదిరినా తాళం పరిగెడుతూనే ఉంటుంది.

ఏ క్యాసెట్ వేసినా శ్రుతి దిగుతున్నా, ఊగుతున్నా ప్లేయర్ బెల్టు మార్పించండి.

సమస్య: మసకగా, దుప్పటి కప్పినట్టు ఉంది

ముందు ప్లేయర్‌లో టేపు ఆనే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మిగతావి బాగుండి ఈ ఒక్క క్యాసెట్టే మసకగా ఉంటే, రికార్డు చేసిన మెషీన్ హెడ్ కోణం వేరై ఉండొచ్చు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, తంబూరా తేటగా వినిపించిన చోట ఆపండి. మీడియం వేవ్ రేడియో నుంచి పట్టిందైతే ఆ మసక ప్రసారంలోనే ఉంది. ట్రెబుల్ పెంచితే బుస తప్ప ఏమీ పెరగదు.

మన తేమకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అది కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. విడిగా ఉంచి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి.

సమస్య: బుస లేదు, కానీ తంబూరా నీళ్లలో మునిగినట్టుంది

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. బుస తీసేసే నాయిస్ రిడక్షన్ అతిగా వాడినా, ఎంపీ3ని మళ్లీమళ్లీ ఎంపీ3గా మార్చినా ఇలాగే అవుతుంది. బుసతో పాటు తంబూరా జీవం, వీణ మీటు తర్వాత సాగే గమకం తోక కూడా పోతాయి. పోయింది తిరిగి రాదు. శుభ్రం చేయని పాత కాపీ ఎవరి దగ్గరుందో వెతకండి. దాన్ని నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగానో ఫ్లాక్ ఫైలుగానో దాచండి.

సమస్య: తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా మోగే భాగంలో) శబ్దం పగులుతోంది

వాల్యూమ్ బాగా తగ్గించినా పగులుతుంటే లెవెల్ మించి రికార్డు చేశారన్నమాట. ఎడిటర్లలో ఉండే డీక్లిప్ అనే సాధనం ఆ పగులును కొంత మెత్తబరుస్తుంది, అంతకు మించి ఆశించకండి.

సమస్య: హెడ్‌ఫోన్స్‌లో ఉన్న గాత్రం ఫోన్ స్పీకర్‌లో మాయం

రెండు ఛానెళ్లు ఎదురెదురుగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఎడిటర్‌లో ఒక ఛానెల్‌ను ఇన్వర్ట్ చేయండి (తలకిందులు చేయండి), గాత్రం వచ్చేస్తుంది.