చంద్రకళల పాఠానికి పిల్లల చేత బొమ్మల కథ వేయించడం

ఖగోళ పాఠాన్ని బొమ్మల కథగా చెప్పదలచిన ఉపాధ్యాయులు సౌరకుటుంబం మొత్తాన్ని అందులో ఇరికించకుండా ఒక్క ప్రశ్నను పట్టుకోవాలి. చంద్రుడు రోజుకో రూపంలో ఎందుకు కనిపిస్తాడన్నది అందుకు అనువైనది. దానికి టెలిస్కోపు అక్కర్లేదు, ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు చాలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు అడ్డం వస్తాయి కనుక, సంక్రాంతి దాటాక వచ్చే శుక్లపక్షాన్ని ఎంచుకోవడం మేలు.

విదియ నుంచి పున్నమి దాకా రోజూ పొద్దుగూకిన అరగంటకు పిల్లలు ఒకేచోట దక్షిణానికి మొహం పెట్టి నిలబడి, చంద్రుడి ఆకారాన్ని, ఉన్న చోటును రోజుకో గడిలో గీసుకోవాలి. గడుల కొలత మారకూడదు. ప్రతి గడిలోనూ ఎడమ అంచున సముద్రం, కుడి అంచున వెలిగొండలు దిక్కుల గుర్తుగా ఉండాలి. గడులను వరుసగా అంటించి చూస్తే, విదియనాడు కొండల వైపున్న నెలవంక రోజూ చాచిన చేతి పిడికిలి కన్నా కాస్త ఎక్కువ మేర తూర్పుకు జరిగి, అష్టమికి నడినెత్తి దగ్గరికి, పున్నమికి సముద్రం మీదికి చేరడం కనిపిస్తుంది.

నెలవంకను కొందరు అచ్చు బొమ్మల్లోలాగా నిట్టనిలువుగా గీస్తారు. వెంటనే దిద్దకుండా, మర్నాడు మళ్లీ చూసి రమ్మనడం మంచిది. మన ప్రాంతంలో, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అది పడవలా వెల్లకిలా ఉంటుంది. కొమ్ముల నడుమ నక్షత్రం పెట్టే అలవాటును మాత్రం మొదట్లోనే మాన్పించాలి. అక్కడ చీకటిగా ఉన్నదీ చంద్రుడే కనుక వెనకనున్న నక్షత్రం కనిపించదు.

తరువాత ప్రతి గడి కిందా ఇంకో గడి గీయించి, అంతరిక్షం నుంచి చూసినట్లుగా సూర్యుణ్ణి, భూమిని, చంద్రుణ్ణి వేయించాలి. కళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయన్న పొరపాటు చాలామందిలో ఉంటుంది. దానిని ఒక పాత్ర చేత పలికించి, రెండో పాత్ర చేత వాదింపజేయాలి. వ్యాఖ్యానం పాఠ్యపుస్తక భాషలో ఉన్నా, పాత్రల మాటలు రాసే బుడగల్లో ఊరి మాటే ఉండనివ్వాలి.

“అన్నా, సగం చందమామ మీద భూమి నీడ పడిందా?”

“సూర్యుడు పడమట ఉంటే నీడ తూర్పుకి పోద్ది. నడినెత్తినుండే చందమామ మీద ఎట్ట పడుద్ది?”

దూరాల విషయంలో గడులు అబద్ధం చెప్పక తప్పదు. కాబట్టి నాలుగు ఏ4 కాగితాలను పొడుగ్గా అంటించి, ఒక కొసన 3 సెంటీమీటర్ల భూమిని, అక్కడికి 90 సెంటీమీటర్ల దూరంలో 8 మిల్లీమీటర్ల చంద్రుణ్ణి గీయించాలి. శ్రీహరికోట పక్కనే ఉండటంతో మొదటి గడి నుంచే రాకెట్టు వేస్తామని పిల్లలు పట్టుబడతారు. ఆ ముచ్చట ఈ పట్టీ మీద తీర్చుకోనివ్వవచ్చు.

ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి వేరే పరీక్ష అక్కర్లేదు. పూర్తయిన కథలో బుడగల మాటలు చెరిపి, గడుల వరుస తారుమారు చేసి, ఇంకో తరగతి పిల్లలకు ఇస్తే సరిపోతుంది.