బడి తెరిచేలోపు: లంచ్ బాక్సు జాగ్రత్తలు

సెలవులు అయిపోవచ్చాయి, మళ్లీ పొద్దున్నే బాక్సు సర్దే హడావిడి. మూత పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– రాత్రి అన్నం పెడుతున్నారా? వండిన గంట, రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లిందైతేనే పెట్టండి. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో తయారయ్యే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

– పెరుగు, గుడ్డు, మాంసం ఉంటే పక్కన ఐస్ ప్యాక్ తప్పనిసరి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. బ్యాగులో ఉండే వేడి సరిగ్గా అదే.

– ఐదేళ్లలోపు వాళ్లకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. గుండ్రంగా ఉంటే గొంతుకు అడ్డం పడుతుంది.

– మూత తనే తీయగలడా? ఇంట్లో ఒకసారి తీయించండి. మావాడు వారమంతా పండ్ల డబ్బా నిండుగానే తెచ్చాడు. ఇష్టం లేదేమోనని రోజూ పండు మార్చాను, తీరా అడిగితే మూత రావట్లేదట!

– కొత్త వంటకం రెండు ముద్దలే, తెలిసినదాని పక్కన. డబ్బా నిండా కొత్తదే ఉంటే ఆకలితో వస్తారు.

– కోసిన యాపిల్ ముక్కల్ని కాస్త ఉప్పునీళ్లలో ముంచి తీయండి. నల్లబడితే ముట్టరు.

– తిరిగొచ్చిన అన్నం, గుడ్డు లాంటివి పారేయండి. సాయంత్రం తినిపించొద్దు.