నూట యాభై ఏళ్ల కిందటి ఊరి లెక్క తీయడం ఎలా: నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జనం, ఇండ్లు, సేద్యం

19వ శతాబ్దంలో తమ ఊరు ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారు చాలామంది జనాభా లెక్కలతో మొదలుపెడతారు, అవి దొరకక అక్కడే ఆగిపోతారు. నేను చెప్పే మాట ఒక్కటే: ముందు చెరువు కట్ట మీదికి వెళ్లండి. ఆ ఊరు ఎంతమందిని పోషించగలిగిందో చెరువు కింది తరి (నీరు పారే వరి నేల), మోటబావుల కింది తోటలు, చెలకల్లోని జొన్న చెబుతాయి. ఆ జనం ఎలాంటి కప్పు కింద తలదాచుకున్నారో పాత గోడలు చెబుతాయి. తలల లెక్కను ఆ రెండింటి పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

కాగితాల కోసం వెళ్లేముందు ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేదో తేల్చుకోవాలి. ఖాల్సా గ్రామాలైతే శిస్తు నేరుగా నిజాం ప్రభుత్వానికే చేరేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాల్లోనూ జాగీర్లలోనూ వసూళ్లు, దస్తరాలు వేరుగా నడిచేవి కాబట్టి, ఇది తేల్చుకోకుండా కచేరీల చుట్టూ తిరిగితే నెలలు వృథా అవుతాయి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి పాలించే పద్ధతి) అమలు చేసేదాకా శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి బలంగా ఉండేది. అందువల్ల అంతకుముందు కాలానికి ఊరి స్థాయిలో వరుసగా సాగే కాగితాలు అరుదు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది కనుక, అంతకు ముందరి కాగితాల్లో ఆ పేరు కోసం వెతకకండి.

మొదట అడగవలసింది సేత్వార్. భూమి కొలిచి శిస్తు కట్టినప్పుడు తయారైన ఈ పట్టీలో సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరగతి, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. దాని నకలు కోసం జిల్లా భూ కొలతల కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. 1954–55 నాటి ఖాస్రా పహాణీని (భూమి, సాగుదారుల వివరాల పట్టీని) కూడా తీసుకుని, అందులోని పేర్ల నుంచి తరం తరం వెనక్కి నడిస్తే సేత్వార్‌లోని పేర్లు ఏ ఇంటివో తెలుస్తాయి. నిజాం కాలపు పాత దస్తరాల కోసం హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర పత్రాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్‌కు) వెళ్లాలి. ఫార్సీ, ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకువెళ్లడం మంచిది.

కాగితంలో కనిపించే సంవత్సరం ఫస్లీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) అయితే 590 కలపండి. 1290 ఫస్లీ అంటే 1880–81. ఊరి పెద్దలు సంవత్సరం పేరుతో చెబితే 60 ఏళ్ల చక్రంతో సరిపోల్చండి. ‘ధాత కరువు’ అంటే 1876–78 నాటి మహా క్షామం, ఎందుకంటే ధాత నామ సంవత్సరం 1876లో మొదలైంది. రూపాయలు హాలి సిక్కాలో (నిజాం సొంత నాణెంలో) రాసి ఉంటే వాటిని ఇంగ్లీషువారి రూపాయలతో కలిపి కూడకండి, రెండింటి విలువ ఒకటి కాదు. భూమిని ఎకరాల్లో కాక అందులో చల్లే విత్తనాన్ని బట్టి తూమెడు, పుట్టెడు అని రాసిన చోట కూడా తొందరపడి ఎకరాలకు మార్చవద్దు. పుట్టికి 20 తూములన్నది నిజమే గాని, తూము కొలతే ఒక్కో సీమలో ఒక్కో తీరుగా ఉండేది.

ఇక సేద్యం. ఈనాటి పొలాన్ని చూసి ఆనాటి పంటను ఊహించడమే అందరూ చేసే పెద్ద పొరపాటు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కనుచూపు మేర కనిపించే వరి 1967 తరువాత నాగార్జునసాగర్ ఎడమ కాలువతో వచ్చినది. సేత్వార్‌లో తరి అని ఉన్నంత మేరకే చెరువు కింద వరిని ఊహించుకోవాలి, అందులోనూ వానాకాలపు ఆబి, ఎండాకాలపు తాబి వేరువేరుగా చూడాలి. తాబికి నీరు మిగిలే చెరువులు కొన్నే. మిగతా ఖుష్కి (మెట్ట) నేలల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఉలవ, ఆముదం పండేవి. కాబట్టి ఊరిలో ఎక్కువమందికి రోజువారీ తిండి గటక, రొట్టె, కొర్రన్నం. చెరువు తూము, అలుగు చూసిన తరువాత పాత మోటబావులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఒక్కో మోటకు జత ఎడ్లు, వాటిని తోలే మనిషి, తోలుబొక్కెనను కుట్టే మాదిగ పనివాడు, మోకు పేనే చేతులు కావాలి. ఇలా బావుల లెక్క దానంతటదే మనుషుల లెక్కగా మారుతుంది.

ఇండ్ల దగ్గర ఎక్కువ సమయం గడపండి, ఎందుకంటే ఇవే అన్నిటికన్నా వేగంగా పోతున్నాయి. గడి, భవంతి, పెంకుటిల్లు, మట్టి మిద్దె, గుడిసె అన్న తేడాలను పటం మీద వేర్వేరు గుర్తులతో వేయాలి. మిద్దె దొరికితే దూలాలు, వాసాలు ఏ చెట్టు కర్రో, పైన పరిచిన చౌడుమన్ను ఎంత మందమో కొలిచి రాసుకోండి. పశువుల కొట్టం ఇంటిలోనే కలిసి ఉందా, వేరుగా ఉందా చూడండి. ధాన్యం దాచిన గరిసె, జొన్న పోసిన పాతర కనిపిస్తే వాటి లోతు, వెడల్పు తప్పక కొలవాలి, ఆ ఇంటి గింజ ఎన్ని నెలలకు సరిపోయేదో అంచనా వేయడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. గుడిసెల జాడ నేల మీద మిగలదు. అందుకే ఆ వాడలోని ముసలివారిని పక్కన కూర్చోబెట్టుకుని, వారి తాతల గుడిసెలు ఎక్కడెక్కడ ఉండేవో ఒక్కొక్కటిగా అడిగి గీయించాలి.

ఆ తరువాతే మర్దుంషుమారి (జనాభా లెక్కల) అంకెల వైపు చూడాలి. నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. అప్పుడు రాజ్యమంతటా 98 లక్షల పైచిలుకు, 1891లో కోటీ 15 లక్షలు, 1901లో కోటీ 11 లక్షల మంది తేలారు. 1901లో నల్లగొండ జిల్లాలో దాదాపు 7 లక్షలు, మహబూబ్‌నగర్‌లో 7 లక్షలకు కాస్త పైన ఉన్నారు. మొదటి పదేళ్ల పెరుగుదల అంతా కాన్పులతో వచ్చినదని నేననుకోను, మొదటిసారి లెక్కలో తప్పిపోయినవారు రెండోసారి పట్టుబడి ఉంటారు. మీ ఊరి అంకె దొరకకపోతే ఇంటికి ఐదుగురి చొప్పున వేసుకోవచ్చు. అయితే ఒక కప్పును ఇల్లన్నారా, ఒక పొయ్యిని ఇల్లన్నారా అన్నది తేల్చుకోకుండా గుణించకండి.

పట్టాదారుల జాబితాను ఎన్నడూ జనాభాగా తీసుకోవద్దు. శిస్తు కట్టేవాడి పేరే కాగితానికి ఎక్కింది. వెట్టి చేసినవారు, అప్పు కింద భగేలాలుగా (కట్టుబానిసలుగా) బతికినవారు, జీతగాండ్లు, నాటు వేసి కలుపు తీసిన ఆడవారు అందులో లేరు. వారిని వెతకడానికి పొలాల పేర్లు అడగండి: నీరడి (చెరువు నీళ్లు పారించేవాడి) మాన్యం, కుమ్మరి మాన్యం, చాకలి కుంట. ఊరికి చేసిన పనిని బట్టి వచ్చిన పేర్లివి. దేవరకొండ వైపు ఊళ్లలో తండాలను కూడా తప్పక అడగాలి, అవి ఎప్పుడు స్థిరపడ్డాయో వారి పెద్దలే చెప్పాలి.

చివరగా, రెవెన్యూ పటంలో బేచిరాగ్ అని రాసిన గ్రామం మీ పక్కన ఉందేమో చూడండి. దీపం వెలగని ఊరని ఆ మాటకు అర్థం. పొలాలు, సర్వే నంబర్లు ఉంటాయి గాని ఇండ్లుండవు. కరువో, గత్తరో (కలరా), నీరెండడమో ఆ జనాన్ని కదిలించి ఉంటుంది. వారు మీ ఊరికే వచ్చి ఉంటే, ‘ఫలానా ఊరి నుంచి వచ్చినవాళ్లం’ అని చెప్పే ఇంటిపేర్లు, ఇలవేల్పులు మీ వాడల్లోనే దొరుకుతాయి. అక్కడి పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మీద కుండపెంకులు, రోళ్లు కనిపిస్తే తవ్వకండి, తీయకండి. ఉన్నచోటనే ఫొటో తీసి, సర్వే నంబరు రాసుకుని, వారసత్వ శాఖకు ఉత్తరం రాయండి.