పోర్టు పేరు ఒకటి, కేబుల్ ఉన్నది ఇంకోచోట: స్టాక్ స్విచ్‌లతో వచ్చే చిక్కులు

సమస్య: కొన్ని స్విచ్‌లని కలిపి ఒకే స్విచ్‌లా నడిపితే అది స్టాక్. అందులో పైనుంచి రెండో స్విచ్, ఐదో పోర్టు. గిగాబిట్ ఈథర్‌నెట్ 2/0/5 లోకి వెళ్లి వీల్యాన్ (ఆ పోర్టు ఏ నెట్‌వర్క్‌లో ఉండాలో చెప్పేది) మార్చారు. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ఆ మెషీన్ పాత నెట్‌వర్క్‌లోనే ఉంది, పైగా సంబంధం లేని ఇంకెవరికో కనెక్షన్ పోయింది.

కారణం: సిస్కో కెటలిస్ట్ 3750, 3850, 9300 లాంటివాటిలో ఆ మూడు అంకెలు వరుసగా స్టాక్ మెంబర్ (స్టాక్‌లోని ఒక్కో స్విచ్), మాడ్యూల్ (ఆ స్విచ్‌లోని పోర్టుల విభాగం), పోర్టు. చాలామంది పొరబడేది మొదటి అంకె దగ్గరే. అది ర్యాక్‌లో వరుస కాదు, స్విచ్ తన మెమరీలో దాచుకున్న నంబరు. కొత్త స్విచ్ 1తో వస్తుంది. స్టాక్‌లో అప్పటికే 1 ఉంటే, ఖాళీగా ఉన్నవాటిలో చిన్న నంబరు తీసుకుంటుంది. అంటే ఏది ముందు ఆన్ చేశారో దాన్నిబట్టి అడుగున ఉన్నదే 2 అయిపోవచ్చు.

పరిష్కారం: ముందు 'షో స్విచ్' కొట్టి, మ్యాక్ అడ్రస్‌ని (ఒక్కో స్విచ్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పెట్టె మీది స్టిక్కర్‌తో పోల్చండి. 3750 దగ్గరే నిలబడి ఉంటే ఇంకా తేలిక: మోడ్ బటన్ నొక్కుతూ స్టాక్ లైటు దాకా రండి. మిగతా మెంబర్ల నంబర్లున్న పోర్టు లైట్లు నిలకడగా వెలుగుతాయి, ఆ స్విచ్ సొంత నంబరు లైటు మినుకుమంటుంది. దాన్ని చూసి ముందువైపు లేబుల్ అంటించేయండి. నా మటుకు నేను నంబరు మార్చడం కన్నా ఇదే మేలంటాను.

మార్చక తప్పదంటే 'స్విచ్ 3 రీనంబర్ 2' ఇచ్చి ఆ స్విచ్‌ని రీలోడ్ (రీస్టార్ట్) చేయాలి. ఒక్కటి మర్చిపోవద్దు: పోర్టుల కాన్ఫిగరేషన్ నంబరుకి అంటుకుని ఉంటుంది, పెట్టెతో పాటు రాదు. నేనోసారి ఇది మర్చిపోయి రీలోడ్ కొట్టాను. ట్రంక్ పోర్టులన్నీ (ఒకేసారి చాలా వీల్యాన్‌లని మోసేవి) పాత నంబరు కిందే ఉండిపోయాయి, ఆ రాత్రి టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్విచ్ తీసేశాక కూడా 3/0/1, 3/0/2 కనిపిస్తున్నాయా? అదే కథ. పెట్టె పోయినా నంబరు 'ప్రొవిజన్డ్'గా, అంటే కేటాయించి ఉంచినట్టుగా, మిగిలింది. ఇక అక్కర్లేదనుకుంటే 'నో స్విచ్ 3 ప్రొవిజన్'. బదులుగా అదే మోడల్ వస్తోందంటే ముట్టుకోకండి, 3 నంబరుతో చేరగానే ఆ కాన్ఫిగరేషన్ దానికి దక్కుతుంది.

కొత్త మెంబర్ 'వెర్షన్ మిస్‌మ్యాచ్'లో ఉంటే (అంటే దాని సాఫ్ట్‌వేర్ మిగతావాటితో కలవకపోతే) సాఫ్ట్‌వేర్ ఫైలు పేరు చదవండి. సి3750-ఐపీబేస్‌కె9-ఎంజెడ్.122-55.ఎస్ఈ అంటే: 3750 హార్డ్‌వేర్, ఐపీ బేస్ ఫీచర్లు, కె9 అంటే ఎన్‌క్రిప్షన్, ఎం అంటే ర్యామ్‌లో నడిచేది, జెడ్ అంటే కుదించినది, వెర్షన్ 12.2(55)ఎస్ఈ. వెర్షన్ తేడా అయితే 'ఆర్కైవ్ కాపీ-ఎస్‌డబ్ల్యూ'తో పనిచేస్తున్న మెంబర్ నుంచి కాపీ చేయొచ్చు. ఎస్ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్షన్‌తో దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీ కమాండే లేదంటోందా? పేరులో కె9 ఉండదు, చూడండి.

జూనిపర్ కంపెనీ ఈఎక్స్ స్విచ్‌లకి మారినవాళ్లకి: అక్కడ లెక్క సున్నా నుంచి. జీఈ-2/0/4 అంటే మెంబర్ 2లో ఐదో పోర్టు. అప్‌లింక్‌లో (పై నెట్‌వర్క్‌కి కలిపే పోర్టు) 10 గిగాబిట్ మాడ్యూల్ తీసి 1 గిగాబిట్‌ది పెడితే ఎక్స్ఈ-0/1/0 కాస్తా జీఈ-0/1/0 అవుతుంది. కాన్ఫిగరేషన్‌ని కూడా ఆ కొత్త పేరు కింద రాయాల్సిందే.